వాడిన టెలిఫోటో లెన్స్‌ను పరీక్షించి కొనడం ఎలా?

దూరపు వస్తువులను దగ్గరగా చూపే కొత్త టెలిఫోటో లెన్స్‌ల ధరలు చూసి వెనక్కి తగ్గినవాళ్ళు సహజంగానే వాడిన వాటి వైపు చూస్తారు, అందులో తప్పేమీ లేదు. జాగ్రత్తగా వాడిన మంచి లెన్స్ దశాబ్దాల పాటు పనిచేస్తుంది. అయితే ఈ రకం లెన్స్‌లో కదిలే భాగాలు ఎక్కువ, బరువు ఎక్కువ, ఆరుబయట దుమ్ములోనూ తేమలోనూ తిరగడమూ ఎక్కువే. అందువల్ల ముందు అద్దం మీద గీతలు లేవని చూసుకుని డబ్బు చేతిలో పెట్టేయడం ఏమాత్రం సరిపోదు. అసలు నష్టమంతా లోపలి అద్దాలు పక్కకు జరగడంలో, మోటారు అరిగిపోవడంలో, పాడైనప్పుడు విడిభాగాలు దొరకకపోవడంలో ఉంటుంది.

1. మీ కెమెరాకు నిజంగా సరిపోతుందా?

మౌంట్, అంటే లెన్స్‌ను కెమెరాకు బిగించే అమరిక, ఒకటే అయినంత మాత్రాన లెన్స్ పూర్తిగా పనిచేస్తుందని అనుకోకూడదు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది కానీ, పాత ఏఎఫ్-డి లెన్స్‌లలో ఫోకస్ మోటారు ఉండదు, అవి కెమెరాలోని మోటారు మీదే ఆధారపడతాయి. డి3000, డి5000 వరుస కెమెరాల్లో ఆ మోటారు లేదు కాబట్టి వాటిమీద చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. నికాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) జెడ్ కెమెరాకు, ఎఫ్ మౌంట్ లెన్స్‌ను తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా ఇదే పరిస్థితి. కొత్త ఎఫ్ మౌంట్ లెన్స్‌లలో పేరులోని ఎఫ్ సంఖ్య పక్కనే ‘ఇ’ అక్షరం ఉన్నవి అపర్చర్‌ను (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) విద్యుత్తుతో కదుపుతాయి, చాలా పాత బాడీల మీద వాటి అపర్చర్ మన అదుపులో ఉండదు. కెనాన్‌లో ఈ చిక్కు తక్కువ. 1987లో మొదలైన ఇఎఫ్ లెన్స్‌లు అడాప్టర్‌తో 2018 నాటి ఆర్ఎఫ్ మౌంట్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, ఆర్ఎఫ్ లెన్స్‌ను మాత్రం పాత ఇఎఫ్ బాడీకి తగిలించలేరు.

ఎంత ఫోకల్ లెంగ్త్ (మి.మీ.లలో చెప్పేది, అది ఎక్కువైతే దూరపు వస్తువు పెద్దగా కనిపిస్తుంది) లెన్స్ కావాలో మీరు తీయబోయే దాన్ని బట్టి తేల్చుకోవాలి. వేదిక మీది ప్రదర్శనలకూ ఇండోర్ ఆటలకూ 70–200 మి.మీ. ఎఫ్/2.8 సరిపోతుంది, పక్షులకు 400 మి.మీ. కూడా తక్కువే అనిపిస్తుంది.

2. బాగుచేసేవాళ్ళు ఉన్నారా?

ఈ ప్రశ్నను చాలామంది కొన్న తరువాత అడుగుతారు, కొనక ముందే అడగాలి. ఒక మోడల్ తయారీ ఆగిపోయిన కొన్నేళ్ళకు కంపెనీలు దాని విడిభాగాలనూ మరమ్మతునూ ఆపేస్తాయి. లెన్స్ పూర్తి పేరు చెప్పి సర్వీస్ సెంటర్‌ను అడిగితే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. దీని ప్రాముఖ్యం తెలియాలంటే 1988లో వచ్చిన కెనాన్ ఇఎఫ్ 200 మి.మీ. ఎఫ్/1.8 ఎల్‌ను గమనించండి. అద్భుతమైన లెన్స్, కానీ దాని ఫోకస్ రింగును చేత్తో తిప్పినా లోపల అద్దాలను కదిపేది మోటారే. ఆ మోటారు పోయిందంటే చేత్తో ఫోకస్ చేసుకునే దారి కూడా మూసుకుపోతుంది. నేటి మిర్రర్‌లెస్ లెన్స్‌లలోనూ చాలావరకు ఫోకస్ రింగు ఇలాగే మోటారు ద్వారా పనిచేస్తుంది కాబట్టి, వాటిని కొనేటప్పుడు మోటారు ఆరోగ్యమే మొదటి లెక్క.

3. చూడటానికి వెళ్ళే ముందు

అమ్మేవారిని ముందు వైపు, వెనుక వైపు, మౌంట్, సీరియల్ నంబరు స్పష్టంగా కనిపించే ఫొటోలు పంపమనండి. ఆ లెన్స్‌తో అపర్చర్‌ను పూర్తిగా తెరిచి తీసిన ఒక ఫొటోను కుదించకుండా, అసలు ఫైల్‌గానే అడగండి. లెన్స్ ఎప్పుడైనా కింద పడిందా, ఎవరైనా విప్పారా అని సూటిగా అడగడంలో మొహమాటం అక్కర్లేదు. హుడ్ (పక్క వెలుతురు పడకుండా ముందు తగిలించే తొడుగు), ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌ను ట్రైపాడ్‌కు బిగించే పట్టీ), రెండు మూతలు ఉన్నాయో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి. పెద్ద లెన్స్‌ల హుడ్, కాలర్ విడిగా కొనాలంటే భారమవుతుంది.

వెళ్ళేటప్పుడు మీ సొంత కెమెరా, నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీ, ఖాళీ మెమొరీ కార్డు, చిన్న టార్చి, వీలైతే ట్రైపాడ్ తీసుకెళ్ళండి.

4. పైభాగం ఏం చెబుతుంది?

పైన రంగు పోవడం, గీతలు పడటం గురించి బెంగపడనక్కర్లేదు. ముందు అంచున ఫిల్టర్ బిగించే మరలు ఒకచోట నొక్కుకుపోయి ఉంటే లెన్స్ కింద పడిందని అర్థం. మౌంట్ చుట్టూ ఉన్న స్క్రూల తలలు అరిగి మెరుస్తుంటే ఎవరో విప్పారని గ్రహించాలి. జూమ్ రింగును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నెమ్మదిగా తిప్పినప్పుడు ఎక్కడా పట్టేయకూడదు, గరగరలాడకూడదు. లెన్స్‌ను ఊపితే లోపల ఏదో కదిలిన చప్పుడు వస్తే వెంటనే తిరస్కరించవద్దు. కెమెరా ఆపి ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే) అద్దాలు గానీ, లీనియర్ మోటారుతో నడిచే ఫోకస్ అద్దాలు గానీ వదులుగా ఉండి చప్పుడు చేయడం కొన్ని మోడళ్ళలో మామూలే. కెమెరా ఆన్ చేశాక కూడా ఆ చప్పుడు వస్తుంటేనే అనుమానించాలి.

5. టార్చి వెలుగులో లోపలి అద్దాలు

రెండు మూతలూ తీసి, టార్చిని ఒక వైపు నుంచి కొంచెం ఏటవాలుగా వేసి, రెండో వైపు నుంచి చూడండి. కంటికి నేరుగా వెలుగు కొట్టకుండా కోణాన్ని మారుస్తూ పోవాలి. మొదట కనిపించేది దుమ్ము, ఆ వెలుగులో ఎంత శుభ్రమైన లెన్స్‌లోనైనా రేణువులు కనిపిస్తాయి, ఫొటోలో వాటి ప్రభావం దాదాపు ఉండదు. అద్దం అంచు నుంచి సన్నని తెల్లటి పోగులు కొమ్మలుగా చీలుతూ లోపలికి పాకినట్టు కనిపిస్తే అది ఫంగస్. దాన్ని శుభ్రం చేయించినా కొన్నిసార్లు అద్దం మీది పూత తినేసిన మచ్చ మిగిలిపోతుంది. అలాంటి లెన్స్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దనే నా సలహా. అద్దమంతా ఊదినట్టు మసకగా కనిపిస్తే, వెలుతురుకు ఎదురుగా తీసిన ఫొటోలు వెలవెలబోతాయి. ముందు అద్దం మీద ఒక సన్నని గీత కంటే వెనుక అద్దం మీది గీత ఎక్కువ హాని చేస్తుందని గుర్తుంచుకోండి.

అపర్చర్ రెక్కల మీద నూనె మరకలున్నాయేమో చూడాలి. నూనె అంటితే రెక్కలు బద్ధకంగా కదిలి ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి వచ్చే వెలుతురు, తప్పుతుంది. విద్యుత్తుతో కదిలే అపర్చర్‌ను చూడాలంటే ఎఫ్/16 పెట్టి, కెమెరాకు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ (ఫొటో తీయకముందే అపర్చర్‌ను మూసి చూపే) బటన్ ఉంటే దాన్ని నొక్కి, ముందు నుంచి చూస్తే సరిపోతుంది.

6. ఫొటోలు తీసి పరీక్షించడం

అద్దాలు పక్కకు జరిగిన సంగతి కంటితో కనిపించదు, ఫొటోలోనే బయటపడుతుంది. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, స్టెబిలైజేషన్ ఆపి, జూమ్‌ను పూర్తిగా సాగదీసి, అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాల వంటి సన్నని వివరాన్ని ఎంచుకోండి. దాన్ని ఫ్రేములో నాలుగు మూలలకూ ఒక్కొక్కసారి తెచ్చి, ప్రతిసారీ అక్కడే ఫోకస్ చేసి, సెకనులో 1/1000 వంతు వేగంతో తీయండి. మూలలు మధ్యభాగమంత పదునుగా లేకపోవడం లోపం కాదు, కానీ మూడు మూలలు బాగుండి నాలుగోది నూనె పూసినట్టు కరిగిపోతే లోపల అద్దం కుదురుగా లేదని తెలుసుకోవాలి. ఎండ మండే వేళ ఈ పరీక్ష పెట్టుకోవద్దు. నేల నుంచి లేచే వేడిగాలి దూరపు దృశ్యాన్ని అల్లాడిస్తుంది, మంచి లెన్స్ మీద అన్యాయంగా నింద పడుతుంది.

తరువాత లెన్స్‌ను చేతిలో పట్టుకుని, దగ్గరి వస్తువు నుంచి దూరపు వస్తువుకూ మళ్ళీ వెనక్కీ ఆటోఫోకస్‌ను పలుమార్లు మార్చండి. కీచుమన్నా, ఒకే చోట ఆగిపోతున్నా మోటారు చివరి దశలో ఉన్నట్టే. లెన్స్ మీద ఫోకస్ పరిధిని కుదించే స్విచ్ ఉంటే, అది దగ్గరి దూరాలను మూసేసి ఉందేమో ముందే చూసుకోండి. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) అయితే వ్యూఫైండర్‌లో చూస్తూ ఒకటి, లైవ్ వ్యూతో, అంటే వెనుక తెర మీద చూస్తూ, ఒకటి తీసి పోల్చండి. రెండోది మాత్రమే పదునుగా వస్తే, ఫోకస్‌ను సరిదిద్దే సౌకర్యం మీ కెమెరాలో ఉందో లేదో చూసుకోవాలి. స్టెబిలైజేషన్ ఆన్ చేసి షట్టర్ బటన్‌ను సగం నొక్కినప్పుడు వ్యూఫైండర్‌లో దృశ్యం నెమ్మదిగా నిలబడాలి, ఒక్కసారిగా ఎగరకూడదు. 200 మి.మీ. దగ్గర సెకనులో 1/50 వంతు వేగంతో పది ఫొటోలు తీసి, అందులో ఎన్ని పదునుగా వచ్చాయో అక్కడే పెద్దవి చేసి చూడండి.

7. ధర, చెల్లింపు

అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలను కాకుండా, అదే మోడల్ నిజంగా అమ్ముడుపోయిన ధరలను చూసి అంచనాకు రండి. లేని హుడ్, కాలర్‌ల ఖరీదును తగ్గించమని అడగడం న్యాయమే. లెన్స్ మీది సీరియల్ నంబరు, పెట్టె మీదిది, రసీదు మీదిది ఒకటేనా అని సరిచూసుకోండి. నంబరు గీకేసి ఉంటే బేరం అక్కడితో ఆపేయాలి. దుకాణంలో కొంటే వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో రాయించుకుని, ఆ గడువు లోపలే వెలుతురు ఎక్కువగా, తక్కువగా ఉన్న వేళల్లో లెన్స్‌ను వాడి చూడండి. దాచేటప్పుడు మూసిన తోలు సంచిలో పెట్టకుండా, తేమ 40–50 శాతం మధ్య ఉండే పెట్టెలో సిలికా జెల్‌తో ఉంచి, ఆ జెల్ తేమతో నిండినప్పుడల్లా మార్చండి.