గేమ్ మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్: క్యాబినెట్ విప్పే ముందు ప్లగ్ ఏ లైనులో ఉందో చూడండి

విడిభాగాలు కొని సొంతంగా బిగించుకున్న గేమింగ్ సిస్టమ్ ఆట మధ్యలో ఆగిపోతోందని నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే ర్యామ్ మార్చి, విండోస్ రెండుసార్లు ఎక్కించి, గ్రాఫిక్స్ కార్డు అమ్మేద్దామా అన్న ఆలోచనలో ఉంటారు. ప్లగ్ తీసి వేరే పాయింటులో పెట్టి చూశారా అని అడిగితే మాత్రం, డాక్టరు దగ్గరకు వెళ్తే జాతకం అడిగినట్టు చూస్తారు. ర్యామ్ తీసి పెట్టడం, బయాస్‌లోకి వెళ్లడం మీకు వచ్చని అనుకునే ఇది రాస్తున్నాను.

నీలి తెర, లేదా ఆట మాత్రమే మూసుకుపోవడం

నీలి తెర ప్రతిసారీ ఒక కొత్త కోడ్ చూపిస్తున్నా, ఆట మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడుతున్నా మొదట అనుమానించవలసింది ర్యామ్ వేగాన్నే. పెట్టె మీద వేగం 6000 అని రాసి ఉన్నది ర్యామ్ తయారీదారు మాట. ప్రాసెసర్‌లో ఉండి ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఇచ్చిన మాట కాదు. రైజెన్ 7000 సిరీస్‌తో నాలుగు డీడీఆర్5 స్టిక్కులు వాడితే ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం 3600 మాత్రమే. ర్యామ్‌ను పెట్టె మీది వేగంతో నడిపే ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌ను బయాస్‌లో ఆపి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును నాలుగు పాస్‌లు పూర్తిగా నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే. "ఒక్కటేగా" అని వదిలేయకూడదు.

ఆట ముందు నెమ్మదించి, కాసేపటికి బిగుసుకుపోతే అది వేడి. రోహిణి కార్తెలో విజయవాడలో గది గాలే 40 డిగ్రీల పైన ఉన్నప్పుడు, దుమ్ము పట్టిన ఫిల్టర్ వెనక ఉన్న ఫ్యాన్ చేయగలిగింది ఏమీ లేదు. పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. అప్పుడు ఆగకపోతే కారణం దొరికినట్టే.

ఏ హెచ్చరికా లేకుండా రీస్టార్ట్

నీలి తెర రాదు, శబ్దం సాగదు, తెర చటుక్కున నల్లబడి మళ్లీ మదర్‌బోర్డు బొమ్మ వస్తుంది. విండోస్ తన తప్పులను రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 కనబడుతుంది. దాన్ని చూసి ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును సిస్టమ్‌కు తగినట్టు మార్చే డబ్బా) పోయిందని నిర్ణయించేవారే ఎక్కువ. నిజానికి 41 చెప్పేది సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైందని మాత్రమే. ఆ ఈవెంట్ వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (నీలి తెర చూపించే కోడ్) సున్నా ఉంటే, తప్పు రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దక్కలేదన్నమాట. అప్పుడు కరెంటు దారిని మొత్తం, గోడ దగ్గర నుంచి, చూడాలి.

ఈ పాఠం నాకు విజయవాడ పటమటలోని ఒక ఇంట్లో తెలిసింది. 650 వాట్ల ఎస్ఎంపీఎస్ తీయించి 850 కొనిపించాను. సిస్టమ్‌ను మా ఇంటికి తెచ్చి రెండు రోజులు ఆటలు ఆడిస్తే ఒక్కసారి కూడా ఆగలేదు. తిరిగి అప్పగించిన సాయంత్రమే మళ్లీ ఫోన్ వచ్చింది. వెళ్లి ఆ అబ్బాయి పక్కనే కూర్చున్నాను. ఏడు దాటాక వంటింట్లోంచి వాళ్లమ్మగారు "మోటారు వేస్తున్నా నాన్నా, ట్యాంకు నిండితే చెప్పు" అన్నారు. మెట్ల కింద ఇన్వర్టర్ "టక్" మన్నది, తెర నల్లబడింది. గదిలో ఎల్ఈడీ బల్బు రెప్పపాటు కూడా ఆరలేదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అందుకే ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

జరిగింది ఇది. సాయంత్రం వోల్టేజీ తక్కువగా ఉన్న వేళ బోరు మోటారు స్టార్ట్ అయితే అది ఒక్క క్షణం ఇంకా కిందికి జారుతుంది. ఇన్వర్టర్ వెనక ఉండే స్విచ్ యూపీఎస్ వైపు ఉంటే, సాధారణంగా 180 వోల్టుల దగ్గరే అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీకి మారి, కొన్ని సెకన్లకు తిరిగి వస్తుంది. మారే ఆ చిన్న ఖాళీని ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్‌లో నిల్వ ఉన్న శక్తితో దాటాలి. మంచిదైనా నిండు లోడు మీద 12 నుంచి 17 మిల్లీసెకన్లు ఓర్చుకుంటే గొప్ప. బ్రౌజింగ్ చేస్తున్నప్పుడు లోడు తక్కువ కనుక తేలిగ్గా దాటేస్తుంది, ఆటలో దాటలేదు. పైగా అది నున్నటి తరంగానికి బదులు మెట్లలాంటి తరంగం ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే, ఆ తరంగం నిటారుగా లేచే చోట యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును వోల్టేజీ తరంగానికి తగ్గట్టు లాగే సర్క్యూట్) ఉన్న ఎస్ఎంపీఎస్ ఒక్కసారిగా కరెంటు లాగి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోవచ్చు. అసలు విడ్డూరం ఏమిటంటే, లేబుల్ మీద 100-240 అని ఉన్న ఎస్ఎంపీఎస్ 170 వోల్టులను నేరుగా ఇస్తే హాయిగా భరించేది; కాపాడుతుందనుకున్న ఇన్వర్టరే దాన్ని పడగొట్టింది.

పరీక్ష పది నిమిషాల పని. పనులన్నీ సేవ్ చేసి, డెస్క్‌టాప్ మీద ఊరకే ఉన్నప్పుడు ఒకసారి, ఆట నడుస్తుండగా మరోసారి ఇంటి మెయిన్ ఆపండి. మొదటిసారి నిలబడి రెండోసారి పడిపోతే ఇక ర్యామ్ జోలికి వెళ్లకండి. తరవాత ఏసీ లేదా గీజరు పాయింటు వంటి, ఇన్వర్టర్ లేని లైను నుంచి గట్టి ఎక్స్‌టెన్షన్ లాగి రెండు సాయంత్రాలు ఆడించండి. ప్లగ్ సాకెట్‌లో వదులుగా ఊగుతోందా అన్నది కూడా అప్పుడే చూడండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా పరీక్షలన్నీ ఆపండి.

పరిష్కారం సిస్టమ్‌కు ఇన్వర్టర్ లేని లైను ఇవ్వడమే. ఇన్వర్టర్ స్విచ్‌ను నార్మల్ వైపు తిప్పితే టక్‌టక్‌లు తగ్గుతాయి గాని, నిజంగా కరెంటు పోయినప్పుడు మారడానికి ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటుంది కనుక అది సగం మందే. బ్యాకప్ తప్పదంటే గోడ కరెంటులాగే నున్నటి తరంగం ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ కొనండి, కొనేటప్పుడు వీఏ (వోల్ట్-ఆంపియర్లు) కాకుండా వాట్లు చదవండి. 600 వీఏ అని అమ్మే చిన్న యూపీఎస్‌లలో చాలావాటికి వచ్చేది 360 వాట్లే, ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కలిసి దాన్ని మింగేస్తాయి.

మిగిలినవి

వేరే లైనులో కూడా ఆగితే గ్రాఫిక్స్ కార్డు కేబుల్ చూడండి. ఒక ఎనిమిది పిన్నుల కనెక్టర్‌కు ప్రమాణం 150 వాట్లు. ఒకే తీగకు వేలాడే రెండు మూతులనూ కార్డుకు గుచ్చకుండా, ఎస్ఎంపీఎస్ నుంచి రెండు వేరు కేబుళ్లు తెచ్చుకోవాలి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అస్థిరత ఉందని ఆ సంస్థే 2024లో ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అవి వాడేవారు బయాస్ అప్‌డేట్ చేసుకోవాలి. మదర్‌బోర్డు పోవడం అరుదు. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ తీసిన తరవాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది.