పాఖాల పటంలో రెండు ముక్కలైన గుట్ట: నా అనుభవం

పాఖాల చెరువు చుట్టూ నడిచి చేరగలిగే చూడచక్కని చోట్లను పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో గుర్తించాలని మొదలుపెట్టినప్పుడు, నీటికి 500 మీటర్లలోపు ఉంటే మంచిదనీ, దాటితే కాదనీ నియమం పెట్టుకున్నాను. దాంతో ఒకే గుట్ట పటంలో రెండు ముక్కలైంది. గట్టు మీద నిలబడి చూసే మనిషికి 499కీ 501కీ తేడా ఏముంటుంది? 1965లో లోట్ఫీ జాదే ప్రతిపాదించిన ఫజీ (అస్పష్ట) సమితుల్లో సభ్యత్వం, అంటే ఒకటి ఆ సమితికి ఎంతవరకు చెందుతుందనే విలువ, 0 నుంచి 1 వరకు ఎంతైనా ఉండవచ్చు కనుక, 300 మీటర్ల వరకు 1 ఇచ్చి, 1500 మీటర్ల దగ్గర సున్నా అయ్యేలా క్రమంగా తగ్గించాను.

వాలుకూ పచ్చదనానికీ ఇలాగే విలువలిచ్చి, మూడింటిలో కనిష్ఠాన్ని తీసుకుంటే పటమంతా దాదాపు సున్నాలే వచ్చాయి. రెండు రోజులు ఫజీ సూత్రాన్నే అనుమానించాను, అన్యాయంగా. అసలు తప్పు ఎత్తుల పొరలో ఉంది: 30 మీటర్లకో ఎత్తు చొప్పున అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం సమాచారం అక్షాంశ రేఖాంశాల్లోనే ఉండిపోవడంతో, సాఫ్ట్‌వేర్ అడ్డదూరాన్ని డిగ్రీల్లోనూ ఎత్తును మీటర్లలోనూ లెక్కించి, మామూలు వరి పొలాలకు కూడా 90 డిగ్రీలకు దగ్గరి వాలు చూపించింది. పొరను వరంగల్ ప్రాంతానికి వర్తించే, దూరాన్ని మీటర్లలో కొలిచే యూటీఎం పట పద్ధతిలోని 44 ఉత్తర మండలంలోకి మార్చాక వాలు దారికొచ్చింది.

అయినా అడవి వెలవెలబోయింది. పచ్చదనానికి నేను వాడిన సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం ఏప్రిల్‌ది. అప్పటికి టేకు ఆకులు రాలిపోయి ఉంటాయి. దాని స్థానంలో నవంబరు చిత్రం పెట్టాను. కనిష్ఠ పద్ధతిలో ఒక్క అంశం తగ్గినా మిగతా రెండూ వృథా అవుతున్నందున, చివరికి వాటిని మూడు విలువలనూ లెక్కలోకి తీసుకునే ఫజీ గామా సూత్రంతో, గామాను 0.9గా పెట్టి కలిపాను. ఇప్పుడు గుట్ట ఒకటిగానే ఉంది, అంచుల్లో మాత్రమే రంగు పలచబడుతోంది.