వెయింగ్ మెషిన్ పక్కన ఒక టేపు కూడా పెట్టుకోండి

రోజూ పొద్దున్నే మెషిన్ ఎక్కి, అర కిలో పెరిగిందని టెన్షన్ పడేవాళ్లు ముందు బట్టలు కుట్టేవాళ్లు వాడే టేపు ఒకటి కొనుక్కోండి. ముందు రోజు ఉప్పు ఎక్కువ తిన్నా, మలబద్ధకం ఉన్నా, నెలసరి ముందు ఒంట్లో నీరు నిలిచినా ఒక్క రోజులోనే కిలో, ఒక్కోసారి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది, అదంతా కొవ్వు కాదు.

నడుముని చాలామంది బెల్టు పెట్టుకునే చోట కొలుస్తారు. అక్కడ వద్దు. చివరి పక్కటెముక కింది అంచు, తుంటి ఎముక పై అంచు చేత్తో తడిమి చూసుకుని, ఆ రెండింటికీ మధ్యలో టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, టేపు చర్మానికి ఆనాలి కానీ నొక్కుకుపోకూడదు. నడుము మీ ఎత్తులో సగం కంటే తక్కువ ఉంటే మంచిది, అంటే 160 సెంటీమీటర్ల మనిషికి 80 లోపు. రెండు వారాలకోసారి కొలిస్తే చాలు.

ఇంకొకటి, నిద్ర లేవగానే మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడి 30 సెకన్లు లెక్కపెట్టి, రెండుతో గుణించి రాసుకోండి. వేగంగా నడవడమో పరుగో మానకుండా చేస్తుంటే వారాలు గడిచేకొద్దీ ఆ అంకె మెల్లగా దిగుతుంది, గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతోందన్నమాట. (కొన్ని బీపీ మందులు నాడిని తగ్గిస్తాయి, అవి వాడేవాళ్లు ఈ లెక్క నమ్ముకోవద్దు.) బరువులు ఎత్తేవాళ్లైతే ఎన్ని కిలోలు ఎన్నిసార్లు ఎత్తారో కూడా రాయండి, ఎందుకంటే కండ పెరుగుతూ కొవ్వు తగ్గేటప్పుడు మెషిన్ మీద అంకె కదలకపోవచ్చు, ప్యాంటు మాత్రం వదులవుతుంది.