పెయింట్‌బాల్ మార్కర్ జోరు పెంచాలంటే ముందు హాపర్ మార్చండి

పెయింట్‌బాల్ ఆటలో రంగు నింపిన బంతుల్ని గ్యాస్‌తో కాల్చే తుపాకీయే మార్కర్. దాని జోరు పెంచాలంటే బంతి దూసుకుపోయే వేగం జోలికి పోవద్దు. అది సెకనుకు 300 అడుగులు దాటకూడదు, 280 దగ్గర ఉంచితే మంచిది. సెకనుకు ఎన్ని బంతులు పోతున్నాయో అదే పెంచుకోవాలి.

టిప్‌మన్ 98 లాంటి మెకానికల్ మార్కర్ ఉన్నవాళ్లు చాలామంది ముందు ట్రిగ్గర్ కిట్ కొంటారు. ఆ డబ్బు ముందు హాపర్‌కు, అంటే మార్కర్ పైన బంతులు నింపే డబ్బాకు పెట్టండి. మామూలు హాపర్‌లో బంతులు వాటి బరువుకే కిందికి జారాలి, సెకనుకు 6 నుంచి 8 దిగితే గొప్ప. అంతకంటే జోరుగా నొక్కితే, బంతి సగమే దిగినప్పుడు దాన్ని బ్యారెల్‌లోకి తోసే బోల్ట్ ముందుకొచ్చి కోసేస్తుంది. లోపలంతా రంగు అంటుకుంటుంది, తర్వాత వచ్చేవి బ్యారెల్‌లోనే పగులుతాయి. బ్యాటరీతో బంతుల్ని కదిలిస్తూ దింపే హాపర్ పెడితే ఈ బాధ చాలావరకు పోతుంది.

తర్వాత గ్యాస్. సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) సీసాలో ద్రవం ఆవిరవుతూ చల్లబడుతుంది, వరసగా కాలిస్తే ఒత్తిడి పడిపోతుంది. పాలమూరు, నల్లగొండ ఎండల్లో కథ తిరగబడుతుంది: 21 డిగ్రీల దగ్గర సుమారు 850 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉండేది, 31 దాటాక ద్రవమే మిగలక ఇంకా ఎక్కుతుంది. నిండు సీసాను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే ఒత్తిడి మితిమీరితే పగిలి గ్యాస్ వదిలేసే బర్స్ట్ డిస్క్ పేలొచ్చు. 20 ఔన్సుల సీసా అంటే 567 గ్రాములు. ఖాళీ సీసాను ముందే తూకం వేసి పెట్టుకోండి, ఎండాకాలం కొంచెం తక్కువే నింపించండి. సీసా మూతికి మోటార్ల రిపేరు షాపులో దొరికే నల్ల రబ్బరు ఓ-రింగ్ వేయకండి, సీఓ2కి ఉబ్బి చీలుతుంది. యూరిథేన్‌ది కావాలి.

నిలకడ కావాలంటే హై ప్రెషర్ ఎయిర్ ట్యాంకే మేలు, 800-850 పీఎస్ఐ ఒకే తీరుగా ఇస్తుంది. కానీ దానికి 3000 పీఎస్ఐ గాలి పట్టాలి, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో అయ్యే పని కాదు. ఎక్కడ నింపిస్తారో తేల్చుకున్నాకే కొనండి.

ముందు చెప్పిన ట్రిగ్గర్ కిట్, అంటే రెస్పాన్స్ ట్రిగ్గర్, చివరగా. నొక్కిన ట్రిగ్గర్‌ను మిగులు గ్యాస్‌తో తిరిగి ముందుకు తోసే చిన్న సిలిండర్ అది. హాపర్, సీసా తీసేసి, లోపల మిగిలిన గ్యాస్‌ను సురక్షితమైన దిక్కుకు కాల్చి వదిలాకే స్క్రూలు విప్పండి. బాడీ రెండు ముక్కలుగా వస్తుంది, స్ప్రింగులు ఎగిరిపోతాయి, అందుకే తెరవగానే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బిగించాక గ్యాస్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా తిప్పి చూడాలి: తక్కువైతే ట్రిగ్గర్ తిరిగి రాదు, ఎక్కువైతే వేలికి బరువవుతుంది.

ఆఖరుకు మాస్క్ పెట్టుకుని, బంతి వేగాన్ని చూపే క్రోనోగ్రాఫ్ మీద కొలవండి. టిప్‌మన్ 98లో వేగం స్క్రూ లోపలికి తిప్పితే వేగం తగ్గుతుంది. సీఓ2 వాడితే పొద్దున సరిచేసింది మధ్యాహ్నానికి ఎక్కుతుంది, ఆట మొదలుపెట్టే ముందు మళ్లీ కొలవండి.