రూట్ కెనాల్ తర్వాత పన్ను మానాలంటే, లోపల ఏ మెటీరియల్ పెట్టినా సరే

"బయోసెరామిక్ పెట్టించుకోనా, మామూలుది చాలా?" రూట్ కెనాల్‌కి, అంటే పన్ను లోపలి నరం తీసి, వేరు కడిగి నింపే చికిత్సకి వెళ్లేవాళ్లు చాలామంది ముందు అడిగేది ఇదే. బయోసెరామిక్ అంటే ఆ నింపే పనిలో వాడే ఒక రకం సీలర్. నా పై దవడ పన్నుకు చేయించుకునేటప్పుడు నేనూ ఇదే అడిగాను.

వేరులో నింపేది ఎక్కువగా గట్టాపెర్చానే, ఒక చెట్టు పాల నుంచి తీసే రబ్బరు లాంటి పదార్థం, చూడటానికి సన్నటి గులాబీ రంగు పుల్లల్లా ఉంటుంది. తేడా అంతా ఆ పుల్లల చుట్టూ సందులు మూసే సీలర్‌లో. జింక్ ఆక్సైడ్ యూజినాల్ పాతది, లవంగ నూనె వాసన వస్తుంది, కాలం గడిచేకొద్దీ కాస్త కరిగే గుణం ఉంది. రెజిన్ సీలర్ గట్టిగా పట్టుకుంటుంది. బయోసెరామిక్ తడిలోనే గట్టిపడుతుంది, వేరు కొన దాటి కొంచెం బయటికి వచ్చినా ఒంటికి సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. బాగుంది, కానీ లోపలి ఇన్ఫెక్షన్‌ను సరిగ్గా కడగకపోతే ఏ సీలరూ కాపాడదు. అందుకే మెటీరియల్ పేరు కంటే ముందు "రబ్బర్ డ్యామ్ వేసి చేస్తారా?" అని అడగండి. పన్ను చుట్టూ కట్టే ఆ రబ్బరు షీటు ఉమ్మిని లోపలికి రానివ్వదు.

ఇంటికి వచ్చాక మొద్దుబారడం పూర్తిగా పోయేదాకా ఏమీ తినకండి, బుగ్గ కొరుక్కుంటారు. రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం దాకా, కొరికితే నొప్పి ఉంటుంది, అది మామూలే. నొప్పి మాత్ర డాక్టర్ చెప్పిందే వేసుకోండి, అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నా, గర్భిణి అయినా ముందే చెప్పండి. జ్వరం, వాపు లేకపోతే యాంటీబయాటిక్ సాధారణంగా అక్కర్లేదు, మందుల షాపులో అడిగి సొంతంగా కొనుక్కోవద్దు. ముఖం వాచి పెరుగుతున్నా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి వెళ్లిపోండి.

ఇక చాలామంది చేసే తప్పు, నొప్పి తగ్గింది కదా అని క్యాప్ వాయిదా వేయడం. తాత్కాలిక ఫిల్లింగ్ కొన్ని వారాలకే. జంతికలు, చెగోడీలు అటువైపు నమిలితే పెచ్చు ఊడిపోతుంది, ఉమ్మి లోపలికి దిగి మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది, పన్నే చీలిపోతే పీకించుకోవడం తప్ప దారి లేకపోవచ్చు. దవడ పన్నుకు నెలలోపే క్యాప్ వేయించుకోండి.

వేరు కొన దగ్గర ఎక్స్‌రేలో నల్లటి మచ్చ కనిపించిందా, అది సాధారణంగా ఇన్ఫెక్షన్ వల్ల ఎముక కరిగిన చోటు. నాకు మిరియం గింజంత ఉండేది. ఆరు నెలలకు చిన్నదైంది, ఏడాదికి కనబడలేదు. అందరికీ అంత త్వరగా మానదు, పూర్తిగా నిండటానికి నాలుగేళ్లు పట్టినవాళ్లూ ఉంటారు, తగ్గుతూ ఉంటే చాలు, తగ్గకపోయినా, పెరిగినా, నొప్పి, వాపు వచ్చినా మళ్లీ చూడాలి. అందుకే మొదటి ఎక్స్‌రేని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఏడాది తర్వాత నొప్పి లేకపోయినా వెళ్లి ఇంకోటి తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించమనండి.