ఐర్లాండ్ టౌన్‌ల్యాండ్‌లో ఒక పొలం ఎవరిదో ఎలా వెతకాలి

మా అత్తగారిది ఐర్లాండ్‌లోని మేయో కౌంటీ. "ఈ పొలం మా వాళ్ల సొంతం ఎప్పుడైంది?" అని ఆవిడ అడిగింది. జవాబు దొరికేసరికి రెండు చలికాలాలు గడిచాయి. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

టౌన్‌ల్యాండ్ అంటే పట్నం కాదు. అక్కడి భూమి లెక్కల్లో అన్నిటికన్నా చిన్న భాగం అది. దేశమంతా కలిపి 60 వేలకు పైనే ఉన్నాయి. ఒకే పేరు ఎన్నో చోట్ల కనిపిస్తుంది కాబట్టి కౌంటీ, సివిల్ పారిష్ (కొన్ని టౌన్‌ల్యాండ్‌లు కలిసిన పాత విభాగం) పేర్లు ముందే కనుక్కోండి.

తర్వాత గ్రిఫిత్ వాల్యుయేషన్ తెరవండి. పన్ను కోసం 1847-1864 మధ్య అచ్చువేసిన మదింపు ఇది. మ్యాపులతో సహా ఆన్‌లైన్‌లో ఉచితం. ఇందులో తాత పేరు కనబడగానే భూమి ఆయనదే అనుకోకండి. ఆ గడిలో ఉండేది భూమి ఎవరి అనుభవంలో ఉందో వాళ్ల పేరు. పక్కన 'ఇమ్మీడియట్ లెస్సర్' గడిలో ఉన్నాయనకి కౌలు కట్టేవారు. ఆయన కూడా పైవాడి దగ్గర కౌలుకు తీసుకున్నవాడే కావచ్చు. 'ఇన్ ఫీ' అని ఉంటే సొంతమని అర్థం. మా నాన్న కరణం. అడంగల్‌లో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు అని చిన్నప్పుడే వేలు పెట్టి చూపించారు. ఆ పాఠం మేయోలో పనికొచ్చింది.

ఇంకా వెనక్కి, 1823-1837 నాటి టైథ్ (చర్చికి కట్టే పన్ను) పుస్తకాలకు వెళ్తే కొలతలు జాగ్రత్త. చాలాచోట్ల ఐరిష్ ఎకరం వాడారు. అది మన ఎకరానికి దాదాపు 1.62 రెట్లు.

అసలు కథ గ్రిఫిత్ తర్వాతి దిద్దుబాటు పుస్తకాల్లో ఉంది. వీటిని 'క్యాన్సిల్డ్ బుక్స్' అంటారు, డబ్లిన్‌లో చూడొచ్చు. కాపీలు రంగుల్లోనే అడగండి. ఒక్కో దిద్దుబాటుకు ఒక్కో రంగు సిరా వాడారు, పక్కన సంవత్సరం వేశారు. నలుపు తెలుపు కాపీలో ఏ మార్పు ఏ ఏడాదిదో తేలదు. నా మొదటి చలికాలం అలాగే పోయింది. రంగు కాపీలో చూస్తే తండ్రి పేరు కొట్టేసి, భార్య పేరు, దాన్నీ కొట్టేసి కొడుకు పేరు. ఆ పేర్లను 1901, 1911 జనాభా లెక్కలతో పోల్చుకోండి. అంతకుముందు లెక్కల్లో మిగిలినవి చాలా తక్కువ.

ఆ పేజీలో 'ఎల్.ఏ.పీ.' ముద్ర కోసం వెతకండి. ల్యాండ్ యాక్ట్ పర్చేజ్ అని. ప్రభుత్వ అప్పుతో రైతు తన పొలాన్ని భూస్వామి నుంచి కొనుక్కున్నాడన్నమాట. 1903 విండమ్ చట్టం కింద ఆ అప్పు తీరడానికి 68½ ఏళ్ల వాయిదాలు. మా అత్తగారు ఆ ముద్రను చాలాసేపు వేలితో తడుముతూ కూర్చుంది.

భూచట్టాల కింద కొన్న భూమికి 1892 నుంచి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాబట్టి ముద్ర దొరికాక ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ పొలం ఫోలియో, అంటే యజమాని వివరాలుండే రికార్డు, తీసుకోండి.