వార్డు లెక్కలు – 4వ పాఠం: పర్సనాలిటీ డిజార్డర్ ఎందరిలో?

గత పాఠంలో స్కిజోఫ్రీనియా, బైపోలార్ కేసులను కేస్ షీట్లు చూసి లెక్కపెట్టాం. ఈసారి లెక్క పర్సనాలిటీ డిజార్డర్‌ది, అంటే చిన్న వయసు నుంచి పాతుకుపోయి, తనకో ఇతరులకో ఇబ్బంది తెచ్చే స్వభావపు తీరు. దీనికి కేస్ షీట్ సరిపోదు. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక సైకియాట్రీ ఓపీ అంకెలు 1999లో వెలువడ్డాయి. డాక్టర్లు మామూలుగా మాట్లాడి రాసుకున్నప్పుడు బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలూ సంబంధాలూ నిలకడగా లేని రకం) 0.4 శాతం మందిలో తేలింది. అదే ఓపీలో ప్రశ్నల పట్టిక పెట్టుకుని వరుసగా అడిగితే 14.4 శాతం. వచ్చేవాళ్లు అదే రకం రోగులు, మారింది అడిగిన తీరు. మన కేస్ షీట్లో ఆ గడి ఖాళీగా ఉంటే 'అడగలేదు' అని చదవండి, 'లేదు' అని చదవకండి.

ఎంత రావచ్చో ముందే ఒక అంచనా ఉంటే తప్పులు త్వరగా పట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 13 దేశాల్లో చేయించిన ఇంటింటి సర్వేలో ఏదో ఒక పర్సనాలిటీ డిజార్డర్ ఉన్నవాళ్లు సుమారు 6 శాతం. రోడ్ ఐలండ్ ఓపీలోనే 859 మందిని వరుసగా అడిగినప్పుడు (2005) పేరున్న 10 రకాల్లో ఏదో ఒకటి ఉన్నవాళ్లు 31.4 శాతం, ఏ రకంలోనూ పూర్తిగా ఇమడని వాళ్లను కలిపితే 45.5. ఇన్‌పేషెంట్లలో పద్ధతి ప్రకారం అడిగిన చోట్ల దాదాపు సగం దాకా వెళ్తుంది, బార్డర్‌లైన్ ఒక్కటే అయిదుగురిలో ఒకరి దాకా. మీ లెక్క 2 శాతం వచ్చిందంటే రోగులను కాదు, మీ పద్ధతిని అనుమానించండి.

ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి

ఎర్రగడ్డ మానసిక వైద్యశాల లాంటి పెద్ద ఆసుపత్రిలో ఒక రోజు ఉదయం మంచాల మీద ఉన్నవాళ్లందరినీ లెక్కపెడితే, నెలల తరబడి ఉండిపోయినవాళ్ల వాటా పెరుగుతుంది. వాళ్లలో ఎక్కువమందిది దీర్ఘకాలపు సైకోసిస్ (భ్రమలు, భ్రాంతులతో వాస్తవం తెలియని జబ్బు). ఆత్మహత్యాయత్నం తర్వాతో తాగుడు మానడానికో చేరి, నాలుగైదు రోజుల్లో వెళ్లిపోయేవాళ్లు ఆ ఉదయానికి దొరకరు. పర్సనాలిటీ డిజార్డర్ ఎక్కువగా కనిపించేది వీళ్లలోనే. అందుకే ఒక తేదీ నుంచి వచ్చిన ప్రతి అడ్మిషన్‌నూ వరుస తప్పకుండా తీసుకోండి. 'ఈమె మంచిగా మాట్లాడుతుంది, ఈమెను అడుగుదాం' అని ఏరుకుంటే ఆ లెక్క పనికిరాదు.

ఎప్పుడు అడగాలి

చాలా లెక్కలు చెడిపోయేది ఇక్కడే. మేనియాలో (బైపోలార్‌లో అతి హుషారు దశ) ఉన్న మనిషి దుడుకుగా కనిపిస్తాడు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి తనను తాను చేతకానివాడిగా, ఎవరో ఒకరి ఆసరా లేనిదే బతకలేనివాడిగా చెప్పుకుంటాడు. తాగుడు మానిన మొదటి వారంలో చేతులు వణుకుతూ, నిద్రలేక, ఎవరైనా చిరాకుపడతారు. ఇదంతా జబ్బు తాలూకు స్థితి. మనం వెతికేది చిన్న వయసు నుంచి, జబ్బు లేని రోజుల్లోనూ, ఇంట్లోనూ పనిలోనూ సాగుతూ వచ్చిన తీరు. అందుకని పెద్ద ఇంటర్వ్యూ (ఉందో లేదో తేల్చడానికి వరుసగా, వివరంగా అడిగేది) జబ్బు తగ్గాకే చేయాలి. కానీ అంతవరకు ఆగితే త్వరగా వెళ్లిపోయేవాళ్లు జారిపోతారు. దీనికి మేం చెప్పే దారి ఒకటే: చేరిన రెండు మూడు రోజుల్లో మాట్లాడగలిగిన ప్రతి ఒక్కరినీ చిన్న పట్టిక అడగండి, అటెండెంటుతో విడిగా మాట్లాడండి, పెద్ద ఇంటర్వ్యూ మిగిలితే మొదటి రివ్యూ ఓపీకి పెట్టుకోండి.

చిన్న పట్టికగా సాపాస్ చాలు. 8 ప్రశ్నలు, అవును–కాదు జవాబులు, 3 లేదా అంతకు మించి 'అవును' వస్తే పెద్ద ఇంటర్వ్యూ. స్నేహాలు నిలవడం, ఒంటరిగా ఉండే తీరు, నమ్మకం, కోపం, తొందరపాటు, దిగులు, ఇతరుల మీద ఆధారపడటం, అతి కచ్చితత్వం – ఇవీ అంశాలు. 'నీకు కోపం ఎక్కువా?' అంటే ఎవరూ సరిగ్గా చెప్పరు. 'ఎప్పటి సంది ఇట్లున్నది? పదో తరగతిల గూడ గిట్లనేనా? పెండ్లికి ముందు?' అని కాలాన్ని పట్టుకుని అడగండి. ఉర్దూ మాట్లాడేవాళ్ల కోసం దక్కనీ మాటల్లో విడిగా రాయించుకోండి. నోటికొచ్చినట్టు అప్పటికప్పుడు అనువదిస్తే ప్రతి మంచం దగ్గరా వేరే ప్రశ్న అయిపోతుంది.

అటెండెంటు మాట అవసరం, అదే తీర్పు కాదు. 'మా కోడలు లొల్లి మనిషి' అని అత్తగారు అంటే, పుట్టింట్లో ఎలా ఉండేదో, పనిచేసే చోట ఎలా ఉంటుందో కనుక్కోండి. ఒక్క ఇంట్లోనే కనిపించే కోపానికి కారణం ఆ ఇంట్లో ఉండొచ్చు. దెబ్బలు తినే ఆడమనిషి మీద ఈ పేరు పడితే ఆ తర్వాత ఆమె మాట ఎవరూ వినరు. ఈ విషయంలో తొందర వద్దు.

చిన్న పట్టికనే తుది లెక్క అనుకోకూడదు

ప్రచురితమైన లెక్కలో సాపాస్ పట్టిక, డిజార్డర్ ఉన్నవాళ్లలో 94 శాతాన్ని పట్టింది, లేనివాళ్లలో 85 శాతాన్ని సరిగ్గా వదిలింది. వార్డులో 100 మందిలో నిజంగా 40 మందికి ఉందనుకోండి: 38 మంది దొరుకుతారు, లేని 60 మందిలో 9 మంది పొరపాటున చేరతారు. 47 పేర్లలో 38 నిజం. ఇదే కాగితం పట్టుకుని 100 మందికి 6గురే ఉండే బస్తీకి వెళ్తే, ఆ 6గురితో పాటు మరో 14 మంది చేరతారు. 20 పేర్లలో 14 తప్పు. పట్టిక అదే, చోటు మారింది.

లెక్క కట్టడం

అభ్యాసం కోసం అనుకున్న అంకెలు ఇవి. వరుసగా 80 అడ్మిషన్లు, 12 మంది ఇంటర్వ్యూకు ముందే వెళ్లిపోయారు, మిగిలిన 68లో 24 మందికి పెద్ద ఇంటర్వ్యూలో తేలింది. 24ను 68తో భాగిస్తే 35.3 శాతం. 0.353ను 0.647తో గుణించి, 68తో భాగించి, వర్గమూలం తీస్తే 0.058. దాన్ని 1.96తో గుణిస్తే 0.114. అంటే 95 శాతం నమ్మకంతో అసలు అంకె 24 నుంచి 47 శాతం మధ్య ఉంటుందని చెప్పొచ్చు; ఇవే రెండు హద్దులు. దీనితోనే ఆగకండి. వెళ్లిపోయిన 12 మందిలో ఎవరికీ లేకపోతే 30 శాతం, అందరికీ ఉంటే 45. మూడు అంకెలూ రాయాలి.

ఈ ఫారం మీద పేరు రాయొద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. జవాబు చెప్పకపోయినా వైద్యం ఆగదని ప్రతి ఒక్కరికీ వాళ్ల భాషలో చెప్పాకే మొదలుపెట్టండి.

అభ్యాసం: స్త్రీల వార్డులో 50 అడ్మిషన్లు, 5గురు ముందే వెళ్లారు, 18 మందికి తేలింది. శాతం, రెండు హద్దులు, వెళ్లిపోయినవాళ్ల కనిష్ఠ గరిష్ఠాలు కట్టండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది.